కదిలే పన్ను

రెండో తరగతి ఆన్‌లైన్ క్లాసుకి ఆ రోజు పళ్ళ డాక్టరు అతిథిగా వచ్చింది. క్లినిక్‌లో కూర్చునే, ఓ ప్లాస్టిక్ దవడ పట్టుకుని బ్రష్ ఎలా తిప్పాలో చూపించింది. పిల్లలు పోటీలు పడి నోళ్ళు తెరిచారు. తెర నిండా పళ్ళే.

ఒక్క గడి మాత్రం నల్లగా ఉంది. కెమెరా ఆన్ చెయ్యలేదు కానీ, గొంతు మాత్రం వచ్చింది.

"డాక్టరుగారూ, నా ముందు పన్ను కదులుతోంది. పీకేస్తారా?"

"పీకను తల్లీ. నాలుకతో ఆడిస్తూ ఉండు, దానంతటదే ఊడిపోతుంది."

"మరి మా అమ్మకి చెప్పకండి. పన్ను కదిలిందంటే చాలు, మా అమ్మ చెయ్యి ఊరుకోదు."

టీచరు నవ్వాపుకోలేక మ్యూట్ నొక్కేసింది. డాక్టరు మాత్రం నవ్వలేదు.

"చెప్పను. ఒట్టు."

సాయంత్రం డాక్టరు క్లినిక్ మూసి ఇంటికి చేరింది. కూతురు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలుపు తీసింది.

"అమ్మా, ఇవాళ మా క్లాసుకి ఒక డాక్టరుగారు వచ్చారు. ఎంత మంచావిడో!"

డాక్టరు రెండు చేతులూ వెనక్కి కట్టేసుకుంది.

"అలాగా! ఏం చెప్పారేంటి?"

"నీకు చెప్పకూడదమ్మా. ఆవిడ ఒట్టేశారు."