రాగి సింకుకు పూచీ

"ఆ సింకు ఇవాళ కదిలితే రేపు నీకు సెలవు. కదలకపోతే ఉయ్యూరూ లేదు, గియ్యూరూ లేదు," అన్నాడు ఓనరు బసవయ్య.

దుర్గాప్రసాద్ ఆ సింకు వంక చూశాడు. గవర్నర్‌పేటలో షాపు తెరిచిన కొత్తల్లో దిగిన సరుకు అది. పైన రాగి పూత, లోపల స్టీలు. వచ్చినవాళ్ళు దాన్ని నిమిరి, పక్కనున్న అసలు రాగి సింకుని తట్టి, చివరికి రెంటినీ వదిలేసి మామూలు స్టీలుది పట్టుకుపోయేవాళ్ళు. చూడ్డానికి ఒకటి, కొనడానికి ఇంకొకటి. లోకం తీరే అంత.

పొద్దున్నే వాళ్ళమ్మ మణెమ్మ అన్నం పెడుతూ చెప్పనే చెప్పింది. "రెండుసార్లు మనమే వాయిదా వేశాం. మూడోసారి ఆ ఉయ్యూరువాళ్ళు ఆగరురా. ఆ తర్వాత నీ ఇష్టం, మీ ఓనరు ఇష్టం."

మధ్యాహ్నం ఎండలో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ముందు ఒక మామ్మ, వెనక గొడుగుతో ఆవిడ కోడలు. మామ్మ షాపంతా ఒకసారి కలయజూసింది. దుర్గాప్రసాద్‌ని మాత్రం పై నుంచి కిందిదాకా చూసింది.

"రాగి సింకులున్నాయా బాబూ?"

రెండూ పక్కపక్కన పెట్టాడు. మామ్మ వంగి, వేలి కణుపుతో రెంటినీ తట్టింది.

"ఇదేమో బిందెలా పలుకుతోంది. అదేమో పళ్ళెంలా పలుకుతోంది. ఎందుకని?"

"దానికి అడుగున రబ్బరు ప్యాడ్ వేశారండీ. గిన్నెలు పడ్డా చప్పుడు రాదు."

"ఇది లేవనంటోంది. అది బెండులా లేచింది."

"బరువెక్కువైతే గట్టు కుంగుద్దండీ. తేలికదే మంచిదండీ." అబద్ధం చెప్పేటప్పుడు దుర్గాప్రసాద్ ఒక 'అండీ' ఎక్కువ వేస్తాడు.

కోడలు ఫోన్‌లో ఏదో చదివింది. "అసలు రాగికి అయస్కాంతం అంటుకోదంట అత్తయ్యా."

ఈ మాట కోసమే అతను కాచుకుని ఉన్నాడు. సొరుగులోంచి అయస్కాంతం తీసి పూత సింకు మీద పెట్టాడు. జర్రున జారి కింద పడింది. మంచి స్టీలుకి కూడా అది అంటుకోదు. కానీ అడగని సంగతి చెప్పకూడదని బసవయ్య చేరిన రోజే నేర్పాడు.

"అయస్కాంతం సంగతి నాకు తెలియదు," అంది మామ్మ. "చింతపండు సంగతి తెలుసు. రోజూ తోమితే ఈ రంగు ఉంటుందా?"

ఇక్కడ నోరు తడబడితే సెలవు గోవిందా.

"మా ఇంట్లో ఇదే వేయించాను మామ్మగారూ. ఏడాదైంది. మా ఆవిడ రోజూ చింతపండు పెట్టే తోముద్దండీ. చెక్కు చెదరలేదు."

మామ్మ కోడలి వంక చూసింది. కోడలు గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"మీ ఆవిడా?"

"అవునండీ. దానికి శుభ్రం పిచ్చండీ. ఇంట్లో ఏం పెట్టినా దానికి నచ్చదు. దీనికి మాత్రం వంక పెట్టలేకపోయింది."

"పిల్లలున్నారా బాబూ?"

మామ్మ మెత్తబడుతోంది. దుర్గాప్రసాద్‌కి ఊపు వచ్చింది.

"ఒక పాపండీ. దాని స్నానం కూడా ఇందులోనే. ఆ లోతు చూడండి, చంటిపిల్లల కోసం కొలత తీసి చేసినట్టు లేదూ? మా పాప ఒంటి మీద ఇంతవరకూ ఒక్క పొక్కు లేదండీ. రాగి గుణం."

"ఇంత చెప్పాక తీసుకోకుండా ఎలా పోతాం," అంది మామ్మ. "రంగు పోతే ఎవర్ని అడగాలి?"

"నన్నే అడగండి. కొండ మీద అమ్మవారి సాక్షిగా పూచీ నాది."

చెయ్యెత్తి ఒట్టేశాడు. ఆ చెయ్యి కొండ వైపు కాకుండా లెనిన్ సెంటర్ వైపు చూపించింది. తప్పు దిక్కుకి పెట్టిన ఒట్టు లెక్కలోకి రాదని అతని నమ్మకం.

"నిన్నే అడుగుతాలే," అంది మామ్మ. అతని పేరు కూడా కనుక్కోలేదు. ఎక్కడికి పంపాలని అడిగితే, మేమే ఆటోలో వేసుకుపోతాం అంది.

ఆటో మలుపు తిరిగేదాకా చూసి బసవయ్య భుజం తట్టాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. పోరా, రేపు ఉయ్యూరు పోయిరా."

మర్నాడు దుర్గాప్రసాద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల్లిని వెంటబెట్టుకుని ఉయ్యూరులో బస్సు దిగాడు. చెరుకు లోడు ట్రాక్టర్లను తప్పించుకుంటూ ఇద్దరూ ఆ ఇల్లు చేరారు. గేటు దగ్గర ఎవరో పెద్దాయన నమస్కారం పెట్టి, రండి రండి అన్నాడు. మణెమ్మ ముఖం వెలిగిపోయింది.

మెట్ల పక్కన కుళాయి ఉంది. కుళాయి కింద సింకు ఉంది. అందులో కొబ్బరి పీచు, పిసికిన చింతపండు. ఒక మూల తోమినంత మేర ఎర్రదనం పోయి, తెల్లటి స్టీలు పళ్ళికిలించి నవ్వుతోంది.

దుర్గాప్రసాద్ మెట్టెక్కబోతూ ఆగిపోయాడు. ఒక కాలు మెట్టు మీదా, ఒక కాలు కిందా ఉండిపోయాయి. అమ్మ వెనకనుంచి పొడిచింది. "ఎక్కరా, ఏంటా నిలబడ్డం?"

లోపల్నుంచి మామ్మ గుమ్మంలోకి వచ్చింది.

"రా బాబూ, కూర్చో," అంది అతని వెనక ఇంకెవరికోసమో వెతుకుతున్నట్టు తొంగిచూస్తూ, "పెళ్లిచూపులకి మీ ఆవిడనీ పాపనీ కూడా తీసుకురాకపోయావా, మా పిల్లని వాళ్ళూ చూసుకునేవాళ్ళు."