కాకి ముట్టని ముద్ద

ఆ ఇంటి పెద్దాయన కోదండపాణి మెదడు చచ్చిపోయి ఆరేళ్లయింది. మిషన్ మాత్రం ఊపిరి ఆడిస్తోంది. చట్టం దృష్టిలో గుండె ఆగితేనే చావు, చావు వస్తేనే వారసత్వపు పన్ను. అందుకే డబ్బున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఇలాంటి గది ఒకటుంది. అంతా చట్టప్రకారమే. ఆ పన్నుతో నడవాల్సిన పెద్దాసుపత్రిలోనే మిషన్లు లేవు.

పెద్దాయనకు గడ్డం గీస్తూ పనిమనిషి పైడితల్లి ఆయన కొడుకును అడిగింది.

"బాబూ, మా సెల్లికి ఊపిరందట్లేదు. పెద్దాసుపత్రిలో మిషన్ లేదంతన్నారు. మీ కొట్టుగదిలో ఇంకోటుంది కదా, రెండ్రోజులిప్పించండి బాబూ."

"అది నాన్నగారికి స్పేరు. ఇది చెడిపోతే? మాకు పాపం అంటగట్టకు, మేం రూలు దాటలేదు."

చెల్లెలు ఆ సాయంత్రమే పోయింది.

కర్మ ముగించుకుని పనిలోకి వచ్చిన పైడితల్లిని పెద్దాయన భార్య గుమ్మంలోనే ఆపింది. ఆవిడ నుదుట రూపాయంత బొట్టు.

"ముద్ద కాకి ముట్టిందా?"

"పెట్టిన ఎంటనే ముట్టీసిందమ్మా."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఇంట్లో పైకి ఏడవకూడదు, ఎవరూ పోలేదు కదా!

"అదృష్టవంతురాలే మీ చెల్లి. ఈయనకి ఆ ముద్ద ఎప్పుడు పెడతామే?"

పైడితల్లి లోపలికెళ్లి పెద్దాయన గోళ్లు తీసింది. ఆస్తిలాగే అవీ పెరుగుతూనే ఉన్నాయి.