జంట బాకులు

"గదే చాలు మ్మా. బాకులు నా వల్ల కాదు," అన్నాడు మార్కండేయ.

"ఈ పొద్దు గద ల్యా, గొడ్డలి ల్యా, కత్తి కూడా ల్యా నాయనా. జంట బాకులే," అంది చంద్రిక.

ఆమె అనంతపురంలో నర్సింగ్ హాస్టల్ మంచం మీద కూర్చుని ఉంది. నాయన ధర్మవరంలో, ఇంట్లో ఉన్నాడు. రెండు ఫోన్లలోనూ ఒకటే ఆట. కొండ గుహలో రాక్షసుడు, వాడి ముందు ఇద్దరు యోధులు. ఒకణ్ణి ఆమె ఆడించాలి, ఇంకొకణ్ణి ఆయన. మాటలు కూడా ఆటలోనే వినిపిస్తాయి. మంచం పక్కన, బట్టలు సర్దేసిన బ్యాగు సిద్ధంగా ఉంది.

ఐదు నెలల కింద మార్కండేయకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ముప్పై ఏళ్లు పట్టుచీరలు నేసిన చెయ్యి అది. ఆ రోజు చంద్రిక ఇంట్లోనే ఉంది. చెయ్యి తిమ్మిరెక్కిందని నాయన అంటే, మగ్గం మీద వంగి వంగి అయ్యుంటుంది, కాసేపు పడుకోమని చాప వేసింది. మూడేళ్లు నర్సు చదువు వెలగబెట్టిన పిల్ల! ఆసుపత్రికి చేరేసరికి నాలుగు గంటలకు పైనే గడిచిపోయాయి. "ఇంకాస్త ముందు తెచ్చుంటే..." అని డాక్టరు సగంలో ఆపేసిన మాట ఆమెను అప్పటినుంచి కుదురుగా ఉండనివ్వడం లేదు.

వేళ్లకు ఏదో ఒక పని చెబుతూ ఉండమన్నారు. మగ్గం కుదరదు కనక చంద్రిక ఈ ఆట నేర్పి హాస్టలుకు తిరిగొచ్చింది. ఇంటికి వస్తానంటే, పరీక్షలయ్యేదాకా రానని నాయన ఒట్టు పెట్టించుకున్నాడు.

ఆటలో ఆయుధాలన్నీ ఒకటి కాదు. గదకు ఒక్కసారి నొక్కితే చాలు, యోధుడు దాన్ని ఎత్తి, ఊపి, తీరిగ్గా మోదుతాడు. గొడ్డలికి రెండుసార్లు నొక్కాలి. కత్తికి కుడి బొటనవేలు టకటకా ఆడాలి. జంట బాకులకైతే రెండు బొటనవేళ్లూ ఒకదాని వెంట ఒకటి, లెక్క తప్పకుండా పడాలి. తడబడితే రాక్షసుడు ఎగిరి తంతాడు. అందుకే నాయన చెయ్యి ఎలా ఉందో తెలుసుకోవడానికి చంద్రికకు ఏ రిపోర్టూ అక్కర్లేకపోయింది. మొదటి నెలంతా గద. తర్వాత గొడ్డలి. పోయిన నెలలో ఆయన కత్తి పట్టాడని గదిలో అందరికీ మిఠాయి పంచింది. అయినా మనసులో ఏదో మూల అనుమానం.

"నిజం చెప్పు నాయనా. చెయ్యి వచ్చిందా?"

"కత్తి తిప్పుతాండా గదా!"

"బాకులు తిప్పితే నమ్ముతా. ల్యాకుంటే రేపు పరీక్ష రాయను. పొద్దున బస్సుకే వచ్చి మగ్గం గుంతలో కూచుంటా. నీ చెయ్యి పోగొట్టినదాన్ని, నేనే నేస్తా."

"ఏం మాటలు మ్మా అవి? ఎవురు పోగొట్టినారు?"

"వీడియో పెట్టు, చూస్తా."

"వీడియో పెడితే ఆట ఆగి ఆగి వస్తాది. ఈడ సిగ్నల్ సంగతి నీకు తెలీదా?"

"అయితే అమ్మకియ్యి. అడుగుతా."

"మీయమ్మ మల్లీశ్వరోళ్లింటికి పోయింది, కొత్త పడుగుకు పోగులు అతికేదానికి. నాలుగు వేల పోగులు. ఇప్పట్లో యాడొస్తాది?"

చంద్రిక నమ్మింది. తను నేసిన చీరలో ఒక్క పోగు తెగినా, కొనేవాళ్లకు తానే వేలుపెట్టి చూపించే మనిషి ఆయన.

"సరే. పట్టు బాకులు."

రాక్షసుడు లేచాడు.

"ఊ... ఇప్పుడు," అన్నాడు మార్కండేయ. బాకు దిగింది. "ఊ... ఇప్పుడు." రెండోది దిగింది.

చంద్రికకు నవ్వొచ్చింది. పక్కన కూర్చుని అంచు దారపు నాడె విసిరే అమ్మ అంజనమ్మకు, మగ్గం మీద నుంచి ఆయన ఇరవై ఏళ్లుగా చెప్పే మాట అది.

"ఎవురికి చెప్తాండావు నాయనా, రాక్షసునికా?"

"అలవాటు మ్మా. నోరాడితే గానీ చెయ్యాడదు."

అంతలోనే లెక్క తప్పింది. ఒక్క తన్నుకు నాయన యోధుడు గుహ గోడకు కొట్టుకుని పడ్డాడు. ఇంకొక్క దెబ్బ తగిలితే అయిపోయినట్టే. చంద్రిక తన యోధుణ్ణి అడ్డం పెట్టి అరిచింది.

"లెయ్ నాయనా! లెయ్!"

"తొందరపడొద్దు..." అన్నాడాయన. "నిదానం... నిదానం... ఊ, ఇప్పుడు."

యోధుడు లేచాడు. ఒకటి, రెండు, ఒకటి, రెండు. బాకులు ఒకే లయలో పడుతున్నాయి. చిన్నప్పుడు ఉయ్యాల్లో పడుకుని విన్న మగ్గం చప్పుడే చంద్రికకు వినిపించింది. ముప్పై దెబ్బలు, ఒక్కటీ తప్పలేదు. రాక్షసుడు మోకాళ్ల మీద కూలి, బోర్లా పడిపోయాడు.

చంద్రిక భోరుమంది.

"వచ్చింది నాయనా! నీ చెయ్యి వచ్చింది!"

"వచ్చింది గదా. ఇంగ చెప్పు, నువ్వేం పోగొట్టినావు?"

ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"చెప్పు మ్మా."

"ఏమీ ల్యా నాయనా."

"ఆ మాట గెట్టిగా పెట్టుకో మనసులో. పోయి చదువుకో. పరీక్ష బాగా రాయి."

"మగ్గం ఎప్పుడెక్కుతావు?"

"నువ్వు నర్సమ్మవై రా. అప్పుడు మాట్లాడుకుందాం."

ఐదు నెలల తర్వాత మొదటిసారి చంద్రిక గుండె తేలికపడింది. బ్యాగులోంచి బట్టలు తీసి అలమరలో పెట్టి, పుస్తకం తెరిచింది.

ధర్మవరంలో ఫోను మూగబోయాక మార్కండేయ కళ్లు మూసుకున్నాడు. చీకటి పడుతున్నా లేచి ఎవరూ లైటు వేయలేదు.

"రాస్తాదంట," అన్నాడు.

ఇంతసేపూ ఆడిన అంజనమ్మ, నొప్పెడుతున్న తన బొటనవేళ్లు నలుపుకుంది.