లేత బూడిద రంగు అక్షరాలు

"ఇదేం రంగు బాబాయ్ గారూ! తెల్లగోడ మీద సున్నంతో రాసినట్టుంది," అంది టీచరు.

పెద్దాయన కంప్యూటరు మీంచి చూపు తిప్పలేదు. తెల్లని పేజీలో లేత బూడిద రంగుతో నాలుగు వాక్యాలున్నాయి. అవి అక్కడున్నాయని తెలిసినవాళ్లకే కనిపిస్తాయి. ఆ కింద, ఇంకా కింద, వేలిగోరంత ఫోటో.

సైకిల్ షాపు పై అంతస్తులోని ఆ కంప్యూటర్ సెంటరులో ఆమె కొత్తవాళ్లకు వెబ్ పేజీలు తయారుచెయ్యడం నేర్పుతుంది. ఇవాళ ఎవరి పేజీ వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టాలి. పెద్దాయన పేజీ తప్పిపోయిన కొడుకు కోసం. వానాకాలంలో పని మీద బయల్దేరిన కొడుకు మళ్లీ గుమ్మం తొక్కలేదు. పక్క కుర్చీలో భార్య కూర్చుంది. ఒళ్లో సంచి, సంచి మీద ఫోను, ఫోను మీద చెయ్యి.

"మొదటి రోజే చెప్పాను కదండీ. పేజీ తెరిచినవాళ్లకి గుటక వేసేలోపు తెలిసిపోవాలి, ఎవరు, ఏమైంది, నేనేం చెయ్యాలి అని. ఫోటో పైన. అక్షరాలు నల్లగా, పెద్దగా. నంబరు ఎదురుగా."

"చెప్పావమ్మా."

"మరి?"

"ఇలాగే బాగుందనిపించింది."

"గట్టిగా చెప్పు తల్లీ," అని భార్య అందుకుంది. "నేను చెబితే చెవిన పెట్టరు. పోస్టర్లు వేయించండి అంటే, వాన పడే చోటు వెతికి మరీ అంటించొచ్చారు. పోలీస్ స్టేషనుకి నేనూ వస్తానంటే వద్దంటారు. ఒక్కరే వెళ్తారు, వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటారు. ఇందులో పెడితే లోకమంతా చూస్తుందటగా?"

"చూస్తుంది పిన్నిగారూ. చూసేలా పెడితే."

"అలాగే పెట్టించు. వాడొస్తాడన్న మాట మీదే నా గొంతులో రెండు మెతుకులు దిగుతున్నాయి. లేదంటే నాకీ తిండెందుకు, ఈ ప్రాణమెందుకు?"

పెద్దాయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

టీచరు వంగి ఫోను నంబరు చూసింది. ఒక అంకె తక్కువ.

"నంబరు కూడా తప్పే బాబాయ్ గారూ!"

"చూసుకోలేదమ్మా."

ఆమెకి నమ్మకం కుదరలేదు. క్లాసులో అందరికన్నా చురుకైనవాడు ఆయనే. వెనక వరసలోని ఫోటో స్టూడియో ఆవిడకు బొమ్మలు పెద్దవి చెయ్యడం చూపించింది ఆయనే. తెలియక చేసిన తప్పులు కావివి. చెప్పినవన్నీ విని, ఒక్కొక్కటీ తలకిందులు చేసినట్టున్నాయి. కొడుకు మీద కసి ఏమో అనుకుంది.

"మీకూ మీ అబ్బాయికీ ఏమైనా గొడవా?" అని గొంతు తగ్గించి అడిగింది.

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

"వాడితో నాకేం గొడవ తల్లీ," అని లేచాడు. "మంచినీళ్లు తాగొస్తాను. పేజీ ఇంటర్నెట్‌లో పెట్టకు. నేనొచ్చి చూస్తాను."

మెట్ల మీద చెప్పుల చప్పుడు దూరమవగానే టీచరు ఆయన కుర్చీలో కూర్చుంది.

"నంబరు చెప్పండి పిన్నిగారూ."

నిద్రలో లేపి అడిగినా చెప్పగలదన్నట్టు చెప్పిందావిడ. ఫోటో పైకెక్కింది, అరచేయంత అయింది, పేజీ సగం ఆక్రమించింది. తల్లి వేలు వెళ్లి ఆ చెంప మీద ఆగింది. అక్షరాలు నల్లబడ్డాయి. నంబరు నొక్కగానే ఫోను కలిసేలా ఎర్రని మీట వచ్చింది.

"నాకూ పంపు, మా స్టూడియో గ్రూపులో వేస్తా," అంది వెనక వరసావిడ. "నా పేజీ సంగతి రేపు చూడు."

"మీ పేజీలో ఆ గుండె బొమ్మలు ఎగరడం ఆపండక్కా ముందు. చూసేవాళ్ల గుండె ఆగేలా ఉంది."

తల్లి పెదవులు కాస్త కదిలాయి. టీచరు పేజీని ఇంటర్నెట్‌లో పెట్టి, సెంటరు గ్రూపులన్నిటికీ పంపింది. వెనక వరసావిడ ఇంకో నలుగురికి, ఆ నలుగురు ఇంకెందరికో. పెద్దాయన ఎంతకీ రాలేదు.

వచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. కొడుకు మొహం అక్కడికే కనిపిస్తోంది. నంబరు కూడా.

"ఎవరు చేశారిది?"

"నేనే బాబాయ్ గారూ. కోపం తెచ్చుకోకండి. మీరు చేసినట్టుంటే ఒక్కళ్లు కూడా..."

"తీసెయ్యమ్మా."

"ఏమండీ!" అంది భార్య.

"తీసెయ్యి. ఇప్పుడే తీసెయ్యి!"

ఫోను మోగింది.

"హలో... అవునండీ, తల్లినే... చూశారా? ఎక్కడ నాయనా?" ఆవిడ లేచి నిలబడింది. సంచి జారి కిందపడింది. "బస్టాండులో చూశారట! నిన్ననే! చిక్కిపోయాడట, గడ్డం పెరిగిందట. వింటున్నారా, గడ్డం పెరిగిందట!"

ఆవిడ నవ్వడం టీచరు అదే మొదటిసారి చూడటం. సంచి తీసుకుంది, చెప్పులు కుడిదేదో ఎడమదేదో చూసుకోకుండా తొడుక్కుంది.

"నేను కింద ఆటో ఆపుతాను. త్వరగా రండి!"

మెట్ల మీద ఆ అడుగులు వయసు మరిచిపోయి పరుగెత్తాయి.

టీచరు కళ్లు తుడుచుకుంది. "చూశారా బాబాయ్ గారూ? అక్షరాలు కాస్త పెద్దవి చేశాం, అంతే!"

పెద్దాయన తలుపు దగ్గరగా వేశాడు. మెట్ల దాకా వినిపించనంత మెల్లగా అన్నాడు:

"ఆ వానల్లోనే మార్చురీలో వాడి మొహం మీది గుడ్డ తీసి, మావాడేనని సంతకం పెట్టొచ్చింది నేనేనమ్మా."