నది ఒడ్డున ఆగిన పుస్తకం

"వదినా, మన అనువాదకురాలు రమ్మన్నారట! వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసింది!"

ఆడపడుచు గంతేసింది. పుస్తకాల కట్టల మధ్య కూర్చున్న వదిన ఎగిరి లేచింది.

ఇద్దరూ కలిసి నడిపేది ఓ చిన్న ప్రచురణ సంస్థ. రెండు వందల ఏళ్ళ కిందట ఒక యాత్రికుడు గుర్రమ్మీద తిరిగి రాసిన పుస్తకమే వాళ్ళకి అన్నం పెట్టింది. అనువాదమైంది మాత్రం మొదటి భాగమే. అందులో యాత్రికుడు కొండ దిగి, నది ఒడ్డుకొచ్చి, రేపు దాటాలనుకుని పడుకుంటాడు.

అక్కడితో సరి. అనువాదకురాలు మళ్ళీ కలం పట్టలేదు, ఎవరికీ కనిపించలేదు. పాఠకులు ఏళ్ళ తరబడి ఆ ఒడ్డునే పడిగాపులు కాస్తున్నారు. రెండో భాగం రాకపోతే సంస్థకి తాళమే.

ఉన్నపళంగా బస్సెక్కారు. ముగ్గురు కూర్చునే సీటు. కిటికీ పక్కన నల్లకళ్ళద్దాల పెద్దావిడ.

"ఆవిడ ఒప్పుకుంటారంటావా వదినా?"

"ఒప్పుకోకపోతే కాళ్ళ మీద పడిపోవడమే."

"నువ్వు పడితే లేపడం నావల్ల కాదు!"

ఇద్దరూ పకపకా నవ్వారు. పెద్దావిడ కూడా నవ్వింది. ఆడపడుచు మొదటి భాగం తీసి వదినకి చదివి వినిపించసాగింది.

"అమ్మాయ్, బయట ఏం కనిపిస్తోంది?"

"కొండలు, పెద్దమ్మా." ఆడపడుచు పుస్తకంలోంచి తలెత్తలేదు.

"ఏ రంగులో ఉన్నాయి?"

"కొండ రంగులోనే! కిటికీ మీ పక్కనే ఉందిగా."

"అయితే నువ్వే ఇటు రా తల్లీ. ఇక్కణ్ణించి బాగా కనిపిస్తుంది."

అడక్కుండానే కిటికీ సీటు! ఆడపడుచు గబుక్కున జరిగింది. పేజీ మీద ఎండ పడుతోందని తెర లాగేసింది.

"విను వదినా, నది దగ్గరికొచ్చేశాడు!"

ఇంకా గొంతెత్తి చదివింది. నీళ్ళ మీద సాయంత్రపు వెలుగు, అవతలి ఒడ్డున పొగ, గుర్రం నీళ్ళు తాగుతున్న చప్పుడు. వదినకి ఒళ్ళు పులకరించింది.

"వంతెన మీదికొచ్చినట్టున్నాం. నీళ్ళెలా ఉన్నాయమ్మా?" పెద్దావిడ ఆత్రంగా అడిగింది.

"ఒక్క నిమిషం పెద్దమ్మా, మంచి పట్టులో ఉన్నాం!"

పెద్దావిడ ఊరి మొదట్లో కండక్టరు చెయ్యందిస్తే దిగిపోయింది. వీళ్ళు ఆఖరి పేజీలో ఉన్నారు.

బస్టాండులో దిగి, పళ్ళు కొని, ఇల్లు వెతుక్కుని తలుపు తట్టారు. అనువాదకురాలి చెల్లెలు తలుపు తీసింది.

"పుస్తకాలవాళ్ళు మీరేనా? అక్క ఇప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చి పడుకుంది. రెండో భాగం చెయ్యనని చెప్పమంది."

"అదేంటండీ! పొద్దున రమ్మన్నారుగా!" వదినకి ఏడుపొక్కటే తక్కువ.

"రమ్మన్న మాట నిజమే. నది దగ్గర్నించీ ఆ యాత్రికుడు వెళ్ళింది మీరొచ్చిన ఈ దారే. ఆయన చూసింది తను చూడందే అక్క ఒక్క వాక్యం రాయదు. మొదటి భాగం అయ్యేసరికే చూపు పోయింది. ఎవరైనా చూసి చెబితే మొదలుపెడతానంది పొద్దున."

"మేం చెబుతామండీ! మేం చూసి చెబుతాం!" ఆడపడుచు దాదాపు అరిచింది.

చెల్లెలు నిట్టూర్చింది.

"ఆ ఆశ ఇవాళ్టితో పోయిందమ్మా. బస్సులో ఎవరో అమ్మాయి తన పుస్తకమే చదువుతుంటే మురిసిపోయి, అక్క కిటికీ సీటు ఇచ్చిందట. ఆ అమ్మాయి తెర వేసేసుకుందట."