రెజీనాకు చెప్పొద్దు

"కర్లింగ్ పోటీ రద్దయిందమ్మా," అన్నాడు జయరాజ్, మాస్కు కిందికి లాగి.

ఓబులమ్మ గబుక్కున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మెల్లగప్పా! లోపల బిడ్డ ఇంటాది."

మూసిన తలుపు అవతల రాయి జారుతున్న చప్పుడు. సుయ్‌మని పోయి, టక్కున ఆగింది.

జయరాజ్‌కు ముచ్చటేసింది. కర్లింగేమో మంచు మీద రాయి జార్చే ఆట; బేతంచెర్లలో మంచు ఐస్‌బండి డబ్బాలో తప్ప కనబడదు. అందుకే ఈ ఇంటి నాపరాళ్ళ గదిలో సబ్బునీళ్ళు పోయించి, పిడి బిగించిన గుండ్రాయిని గురిచూసి జారవిడవటం రెజీనాకు నేర్పాడు. జారే రాయి ముందు పొరకతో ఊడ్చేది వాళ్ళమ్మ ఓబులమ్మే. కర్లింగంటే జుట్టు రింగులు తిప్పడమనుకున్న వీధి జనం, "నీ నెత్తేమో గుండు, నేర్పేది కర్లింగా సారూ?" అని ఏడిపించారు. ఆ నెత్తిగుండు సారు నమ్ముకున్న రాతిగుండే రెజీనాను దేశం జట్టులోకి ఎక్కించింది. తీరా కెనడాకు విమానమెక్కే వేళకు కరోనా దిగింది. ఊడ్చే ఆటనే ఊడ్చిపారేసింది.

లాక్‌డౌన్‌లో కడపలో ఇరుక్కుపోయిన జయరాజ్ ఎంత ఫోన్ చేసినా ఇక్కడ ఎత్తినవాళ్ళు లేరు. బస్సులు కదలగానే వచ్చి వాలాడు.

"పాప ఎట్లుండాదమ్మా?"

"ఏం జెప్పేదప్పా! మంచు తొక్కాల్సిన బిడ్డ మంచం పట్టె. జరం."

"అయ్యో! పోయిందా మరి?"

"పోయింది," అంది ఓబులమ్మ, తలుపు వైపే చూస్తూ. "ఇప్పుడు దగ్గు లేదు, ఆయాసం లేదు. ఆకలని గూడా అడగదు. ఒగటే ఆట."

లోపల మళ్ళీ సుయ్‌మంది. బయట ఎండ బండలు పగలగొడుతోంది. తలుపు కింది సందులోంచి మాత్రం చలిగాలి వచ్చి జయరాజ్ పాదాలను తాకింది. అతను ఉలిక్కిపడి కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"ఏసీ పెట్టిచ్చినావా ఏంది? ఈడ కెనడా గాలి కొడతాండాది!"

"ఫ్యాను గూడా లేదప్పా ఆ గదిలో."

"మరి బయట గడియ యాలమ్మా? క్వారంటైనా?"

"యాడికన్నా పోతాదేమోనని."

జయరాజ్ లేచాడు. "ఎట్లయినా చెప్పాల్సిందేలే. లేని పోటీకి ఎన్నాళ్ళని ఆడతాది? రద్దును ముద్దు చేయగూడదు."

ఓబులమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "నీకు దండం పెడతా. పోటీ ఉండాదనుకొనే ఈడ ఉండాది అది. లేదంటే ఉండదప్పా. వాయిదా పడిందని చెప్పు, సాలు."

"అబద్ధమాడమంటావా? రాయిలాంటి పిల్ల, తట్టుకుంటాదిలే," అని చెయ్యి విడిపించుకుని, తలుపు దగ్గరికి నడిచాడు.

"రెజీనా! నేనమ్మా, సారును. పోటీ రద్దయిపోయింది. శానా కష్టపడితివి. ఇంక ఆట చాలించి నెమ్మదిగా పండుకో తల్లీ."

జారుతున్న రాయి చప్పుడు సగంలో ఆగింది. తలుపు కింద చలి తెగిపోయింది. ఎండ వేడి ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చిపడింది.

"రెజీనా!"

అతను తలుపు తట్టాడు.

"అలిగినట్టుందిలేమ్మా. రేపటికి సర్దుకుంటాది," అని నవ్వబోయాడు జయరాజ్.

ఓబులమ్మ గడప మీద కూలబడింది.

"పూడ్చినప్పుడు గూడా పోలేదప్పా అది!"