పాపమ్మ వేట పర్మిట్

"నడక పర్మిట్లు రెండు," అంది పాపమ్మ మలయ్‌లో, రెండు గుర్తింపు కార్డులూ కౌంటర్ మీద పెట్టి.

లోపలున్న అమ్మాయి తల అడ్డంగా ఊపింది. చొక్కా మీద నంతిని అని పేరుంది. కొత్తగా వచ్చినట్టుంది.

"ఇది వేట నెల అమ్మమ్మా. నడిచేవాళ్లని లోపలికి పంపం. కొత్త రూలు లా," అంది, మాట చివర అక్కడివాళ్ల 'లా' చేర్చి.

పాపమ్మ వెనక్కి తిరిగి, తోడొచ్చిన సుగుమారన్‌ని చూసి తెలుగులో అడిగింది. "ఏటి సేద్దాం?"

"మీరు తెలుగా?" నంతిని ముఖం విప్పారింది. "మా అమ్మమ్మ మాట్లాడుద్ది. నాకు కొంచెం కొంచెం వచ్చు."

మలేషియాలో సుంగై సిపుట్ ఊరు దాటాక ఆ అడవి మొదలవుతుంది. గేటు పక్కన రేకుల ఆఫీసు. ఎవరెంత కట్టాలో గోడ మీద బోర్డు ఉంది. వేటకి వచ్చేవాళ్లకి ఎక్కువ. చేపలు పట్టేవాళ్లకి అంతకన్నా తక్కువ. ఉత్తినే నడిచి వచ్చేవాళ్లకి నామమాత్రం. అడవిలోనే పుట్టి పెరిగిన ఒరాంగ్ అస్లీలకి ఏమీ లేదు. మిగతావాళ్లు ఎవరైనా సరే, ఒంటరిగా మాత్రం వెళ్లకూడదు.

పాపమ్మకి ఆ ఒక్క నియమంతోనే కష్టం. ఆమె భర్త అచ్చయ్య పోయింది ఈ అడవిలోనే. ఏటా ఆ రోజున అక్కడికి వెళ్లి కర్పూరం వెలిగించాలని ఆమెకి. కూతురు ఆ మాటెత్తితేనే ఏడుస్తుంది. కొడుకు రానన్నాడు. ఆ చోటు ఎక్కడో తెలిసినవాడు, అచ్చయ్యతో కలిసి వేటకి తిరిగిన సుగుమారన్ ఒక్కడే. అందుకే అతని తలుపు తడుతుంది.

సుగుమారన్ మోటారుసైకిళ్లు బాగుచేసే షాపు వెనక ఒంటి గదిలో ఉంటాడు. మధ్యలో కొన్నేళ్లు ఊళ్లో లేడు. తిరిగొచ్చేసరికి భార్య సుంగై పెటానిలో అక్క దగ్గరికి వెళ్లిపోయింది. వీధిలో ఎదురైనవాళ్లు పక్కకి చూస్తూ పోతారు. పాపమ్మ అతనితో అడవికి వెళ్తోందని తెలిశాక ఆమెతోనూ మాటలు తగ్గించారు.

అతని తలుపు తట్టే మనిషి ఆమె ఒక్కతే. ఏటా ఆ రోజుకి ముందురోజే చొక్కా ఇస్త్రీ చేసుకుని, గడ్డం గీసుకుని కూర్చుంటాడు.

"అయితే వేట పర్మిట్ తీసుకోండి," అంది నంతిని. "ఒకరు వేటకి, ఒకరు సాయానికి. సాయం మనిషికి ఫీజు తక్కువే. తాతా, మీ పేరున రాయనా?"

సుగుమారన్ కౌంటర్ దగ్గర్నించి వెనక్కి జరిగాడు.

"నాకు ఇవ్వరమ్మా."

"వయసు వల్లనా? మీకన్నా పెద్దవాళ్లకే ఇచ్చాను లా."

"వద్దు. తుపాకి ఒగ్గేసినాను."

పాపమ్మ అతని వైపు చూడలేదు. "నా పేరున రాయమ్మా."

"మీకా? దేంతో వేటాడతారు?"

"ఏదో ఒకటి రాసీ."

నంతిని నవ్వాపుకుంటూ బల్లెం అని రాసింది. "ఈ తాత మీ ఆయనా?"

"కాదు."

వేటకి వెళ్లేవాళ్లు తొడుక్కోవాలని నారింజరంగు చొక్కాలు ఇచ్చారు. సుగుమారన్ తనది భుజాన వేసుకున్నాడు. పాపమ్మ చొక్కాకి మాత్రం తాళ్లన్నీ తనే ముడివేశాడు. వెనక్కి వెళ్లి చూశాడు. పక్కనించి చూశాడు. కొంగు మీద పడితే రంగు కనబడదని కొంగు దోపుకోమన్నాడు.

అడవిలో అతను చప్పట్లు కొడుతూ నడిచాడు.

"సేతులు నొప్పెట్టవా?" అంది పాపమ్మ.

"మడుసులమని తెలియాల గదమ్మా."

ఎక్కడో దూరంగా తుపాకి పేలింది. సుగుమారన్ ఉన్నచోటే కూలబడ్డాడు. చెవులు మూసుకున్నాడు. పాపమ్మ లెమ్మనలేదు. అతనంతట అతను లేచేదాకా పక్కనే నిలబడింది.

వాగు ఒడ్డున పేము పొదల దగ్గర ఆగారు. పాపమ్మ నేల తుడిచి కర్పూరం వెలిగించింది. అరిటాకు పొట్లం విప్పింది. అన్నం, వేయించిన ఎండుచేప. సుగుమారన్ ఎప్పటిలాగే దూరంగా, చెట్టు చాటున, అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె పని అయ్యాక ఆ అన్నం అక్కడే వదిలేసి, మాటల్లేకుండా తిరిగి రావడం అలవాటు.

ఈసారి పాపమ్మ లేవలేదు. కర్పూరం ఆరిపోయింది.

"మోకాళ్లు పని సెయ్యడం లేదు," అంది. "వచ్చే ఏడు రాగలనో లేదో."

ఆరిన కర్పూరం మసి వేలితో తుడిచింది.

"ఇంటికాడ ఒక్కదాన్నే తింటన్నాను. రోజూ. గిన్నెలో మెతుకులు సూత్తే ఏడుపొత్తాది." చెట్టు వైపు తిరిగింది. "నీకూ అంతే గదా."

"నా సంగతెందుకమ్మా."

"అన్నా, ఇలా వచ్చి కూకో."

సుగుమారన్ ఉలిక్కిపడి తిరిగాడు. "నాను ఆడికి రాలేనమ్మా. కాళ్లు రావు."

"రప్పించు. ఆయన ఎవుర్నీ ఆకలితో పంపినోడు కాదు."

ఆమె అరిటాకు రెండుగా చించింది. అన్నం సగం అందులో పెట్టింది. చేప మధ్యకి విరిచి పెద్ద ముక్క అటు వేసింది.

సుగుమారన్ చెప్పులు విడిచాడు. ఆ కొద్ది దూరం రావడానికి అతనికి చాలాసేపు పట్టింది. కూర్చున్నాక ముద్ద కలిపిన చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. పాపమ్మ మంచినీళ్ల సీసా అతని పక్కన పెట్టి, తన ఆకులో తను తినడం మొదలుపెట్టింది.

పొద కదిలితే అడవిపంది అనుకుని తాను అచ్చయ్యను కాల్చి చంపిన ఆ చోటే, అచ్చయ్య భార్య పెట్టిన అన్నం సుగుమారన్ తిన్నాడు.